చర్చి అని పేరు, లోపల చీనా అమ్మవారు

"చీనా" అనే మాట మన ఇండ్లకు కొత్తది కాదు. మంచి పట్టుచీర కనబడితే పెద్దవాళ్ళు చీనాంబరమంటారు. కాళిదాసు తన శాకుంతలంలో జెండాగుడ్డను చీనాంశుకమన్నాడు. అంటే చీనాపట్టు మన దేశంలో అంత పాతకాలం నుంచి పేరుపడిన సరుకన్నమాట. అనంతపురం వైపు నుంచి వచ్చే బత్తాయిని మనవారు చీనీకాయ అంటారు. ఉత్తరాది లారీడ్రైవరు టీ అంగడిలో చక్కెర కావాలంటే "చీనీ" అని అడుగుతాడు.

ఇక శిడ్లఘట్ట సంగతి చెప్పనక్కరలేదు. రీలింగు ఇండ్లలోనూ, గూళ్ళ మార్కెట్టులోనూ చీనా పేరు ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. 2011 బడ్జెట్టులో ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని నూటికి 30 నుంచి 5కు తగ్గించినప్పుడు ఇక్కడ గూళ్ళ ధర ఎట్లు పడిపోయినదో, చంద్రికల మీద పురుగును పెట్టుకొని రైతులు ఎంత గాబరాపడినారో చదువరులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ విధంగా చీనా అంటే మనకు ఒక సరుకు, ఒక ధర. ఆ దేశపు మనుషులు మన దేశంలోనే రెండువందల ఏండ్లకు పైగా కాపురముంటున్నారనీ, గుళ్ళు కట్టుకొని జాతరలు చేసుకుంటున్నారనీ మనలో చాలామందికి తెలియదు. ఆ గుళ్ళను గురించి నాలుగు మాటలు వ్రాయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కథ బంగాళానికి చెందినది. బంగాళానికీ మనకూ పాత బాకీ ఒకటున్నది. మైసూరు సీమలో పట్టుపరిశ్రమకు పాదు వేసిన టిప్పు సుల్తాను పట్టుపురుగులను తెప్పించినది బంగాళం నుంచే. ఇంచుమించు అదే కాలంలో ఒక చీనావాడు కలకత్తా చేరినాడు.

హుగ్లీ ఒడ్డున మొదటి గుడి

ఆయన పేరు టాంగ్ అచ్యూ. వర్తకుడు. 1778లో గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సు ఆయనకు కలకత్తాకు దిగువన, బజ్‌బజ్ దగ్గర, హుగ్లీ నది ఒడ్డున 650 బిఘాల భూమి ఇచ్చినాడు. కౌలు సాలుకు 45 రూపాయలు. అచ్యూ తన దేశం నుంచి పనివాళ్ళను పిలిపించి చెరకు నాటించి, చక్కెర మిల్లు పెట్టినాడు. వ్యాపారం ఎన్నో ఏండ్లు సాగలేదు. 1783 నాటికే ఆయన కాలం చేసినాడు. పనివాళ్ళు మెల్లమెల్లగా కలకత్తా పట్నంలోకి వెళ్ళిపోయినారు. మిల్లు పోయింది, చెరకు తోట పోయింది. ఊరికి మాత్రం ఆయన పేరే నిలిచింది. ఈనాటికీ దానిని అచ్చిపూరు అంటారు.

అచ్చిపూరులో రెండు చోట్లు చూడవలసినవి. ఒకటి నది ఒడ్డున అచ్యూ సమాధి. ఎర్రరంగు పూసి, గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది. రెండవది దానికి కొంత దూరంలో గుడి. ఆ చోటును బంగాళీలు చీనామాన్‌తలా అంటారు. గుడిలో ఉండేది ఒక ముసలి దేవుడు, ఆయన భార్య. చీనావారు ఆయనను తూదీ గుంగ్ అంటారు. భూమి తాత అని అర్థం చెప్పుకోవచ్చు. ఆ పేరు నోరు తిరగక చుట్టుపట్ల జనం ఖుదా-ఖుదీ అని పిలుచుకుంటారు. అదే ఆవరణలో సుందరవనాల పులిదేవుడైన దక్షిణరాయ్‌కి కూడా గుడి ఉన్నది. చీనా నూతన సంవత్సరం జనవరి ఆఖరుకో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ తరువాతి ఆదివారాలలో కలకత్తా చీనా కుటుంబాలు బండ్లు కట్టించుకొని అచ్చిపూరు వస్తాయి. వాళ్ళు మొదట తమ భూమి తాతకు, తరువాత సమాధి దగ్గర, మధ్యలో పులిదేవునికి కూడా వత్తులు వెలిగించి దండం పెట్టుకొని పోతారు. ఆ రెండు మూడు వారాలు తప్పితే మిగిలిన ఏడాదంతా గుడిని కనిపెట్టుకొని ఉండేవారు స్థానికులే.

ఈ భూమి తాత సంగతి నావంటి గుమాస్తాకు బహు ముచ్చటగా తోచింది. చీనావారి నమ్మకంలో పైలోకం కూడా ఒక పెద్ద సర్కారు ఆఫీసే. అందరికంటె పైన జేడు చక్రవర్తి, ఆయన క్రింద శాఖలవారీగా దేవతలు, పట్నానికొక నగరదేవుడు, అందరికీ అడుగున ఊరికొక భూమి తాత. ఊళ్ళో ఎవరు పుట్టినారు, ఎవరు పోయినారు అని లెక్క వ్రాసి పైకి పంపుకోవడం ఆయన ఉద్యోగం. మన పాతకాలపు శానుభోగుల వంటివాడన్నమాట. చిన్న ఉద్యోగి గనుక జనానికి దగ్గరివాడు. పంటకు, పైకానికి, పిల్లకు జ్వరమొస్తే దానికీ మొదట ఆయననే అడుగుతారు. పని చేయని దేవుణ్ణి జనం మందలించడం కూడా ఉన్నది. వానలు పడకపోతే విగ్రహాన్ని బయటికి తెచ్చి ఎండలో కూర్చోబెట్టేవారట, ఆ వేడి ఎట్లుంటుందో ఆయనకూ తెలియాలని. మన ఊళ్ళలో వానలకోసం శివాలయం గర్భగుడిలో లింగం మునిగేదాకా నీళ్ళు పోయడం, కప్పలకు పెళ్ళి చేయడం తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

చర్చి అనే పలక

అచ్చిపూరు విడిచిన పనివాళ్ళు, వాళ్ళ వెనుక వచ్చినవారు కలకత్తా నడిబొడ్డున టిరెట్టా బజారు చుట్టూ స్థిరపడినారు. అక్కడి సందులలో తిరిగితే గుమ్మాల మీద "సీ ఇప్ చర్చి", "నామ్ సూన్ చర్చి", "టూంగ్ ఆన్ చర్చి" అని పలకలు కనిపిస్తాయి. ఆఫీసు పనిమీద కలకత్తా వెళ్ళినప్పుడు ఒక ఉదయం ఛాతావాలా గల్లీలో ఈ పలక చూచి, క్రైస్తవుల ప్రార్థనామందిరమనుకొని లోనికి తొంగిచూచినాను. సిలువ లేదు. ఎర్రటి గుడ్డలు, నల్లబడిన చెక్కడపు పని, ఇసుక పోసిన ధూపపాత్ర, పాత్ర నిండా కాలిపోయిన వత్తుల మోడులు, వెనుక దీపం వెలుగులో అమ్మవారు. ఇంగ్లీషువారి కాలంలో పూజాస్థలమంటే చర్చి అని వ్రాసుకొన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

ఈ గుళ్ళలో నామ్ సూన్ 1820 నాటిది. సీ ఇప్ 1905లో ఏర్పడింది. సీ వోయ్ గుడి 1908 నాటిది. ఇన్ని గుళ్ళు దగ్గరదగ్గరగా ఎందుకంటే, ఒక్కొక్కటి ఒక్కొక్క సీమవారిది. "సీ ఇప్" అంటే నాలుగు తాలూకాలు అని అర్థం. చీనా దక్షిణాన కాంటన్ దగ్గరి నాలుగు తాలూకాలనుంచి వచ్చినవారందరూ కలిసి కట్టుకొన్న గుడి అది. చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి వాళ్ళు దూరదేశం పోయి "నాలుగు తాలూకాల గుడి" అని కట్టుకొన్నట్లు ఊహించుకోండి, సరిపోతుంది.

సీమను బట్టి వృత్తి కూడా ఏర్పడింది. కాంటన్ వారు వడ్రంగులు. ఓడల రేవులో వీరి పనికి మంచి పేరు. హక్కా వారు తోలుపని, బూట్ల అంగళ్ళు పెట్టినారు. హూపే వారు పండ్ల వైద్యులు. షాంటుంగ్ వారు పట్టుగుడ్డల మూటలు భుజాన వేసుకొని ఇంటింటికి తిరిగి అమ్మినారు.

సీ ఇప్‌లో కొలువున్న అమ్మవారు క్వాన్ యిన్, దయామూర్తి. ఈమె పుట్టిల్లు మన దేశమే. బౌద్ధుల అవలోకితేశ్వరుడు మహాయానంతో పాటు చీనాకు వెళ్ళి, కొన్ని శతాబ్దాలలో అక్కడ ఆడరూపం దాల్చి అమ్మవారైనాడు. ఆ అమ్మవారు వలసకూలీల వెంట ఓడ ఎక్కి మళ్ళీ భారతదేశం చేరింది. టూంగ్ ఆన్ గుడిలోని దేవుడు క్వాన్ తీ. ఆయన క్రీస్తుశకం మూడవ శతాబ్దారంభంలో యుద్ధంలో పట్టుబడి చంపబడిన సేనాపతి. మాట తప్పని స్నేహానికి పేరుపడినవాడు గనుక వర్తకులు ఆయనను కొలుస్తారు. వీరుడై చనిపోయినవాడు దేవుడు కావడం వీరగల్లులకు పసుపు కుంకుమ పెట్టే మన సీమకు తెలియనిది కాదు.

పూజావిధానం సులభం. పురోహితుడు ఉండి తీరాలనే నియమం లేదు. వచ్చినవారే మూడు ధూపపు వత్తులు వెలిగించి, మూడుసార్లు వంగి, పాత్రలో గుచ్చుతారు. అడగవలసినది ఉంటే, నెలవంక ఆకారపు రెండు కొయ్యముక్కలు నేలమీద వేస్తారు. వాటికి ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే దేవుడు సరేనన్నట్లు. మనవారు అమ్మవారి ముందు కూర్చొని కుడివైపు పువ్వు పడుతుందా, ఎడమవైపు పడుతుందా అని ఊపిరి బిగబట్టి చూడడం ఇటువంటిదే. క్రొత్త గుడి కట్టేటప్పుడు మూలస్థానపు ధూపపాత్రలోని బూడిద తెచ్చి ఇక్కడి పాత్రలో కలుపుతారు. దానితో రెండు గుళ్ళకు తల్లీబిడ్డల సంబంధం ఏర్పడుతుంది. మనవారు వలసపోయిన చోట తల్లిగుడి మట్టి తెచ్చి గంగమ్మనో మారెమ్మనో నిలుపుకోరా, అట్లాగే.

గుడి చేసిన పని

ఈ గుళ్ళు చాలావరకు మేడలు. పై అంతస్తులో దేవుడు, క్రింద సంఘం గది. ఆ క్రింది గదిలో జరిగిన పనిని బట్టి గుడి విలువ కట్టవలసి ఉంటుంది.

రేవులో దిగిన మనిషికి భాష రాదు, తెలిసినవారు లేరు. తన సీమ గుడి పేరు చెప్పుకొని వెళితే పడుకోవడానికి చోటు, రెండు పూటల తిండి, ఫలానా మేస్త్రీ దగ్గర పని దొరికేవి. ఉత్తరం వ్రాసిపెట్టడానికి, ఇంటికి డబ్బు పంపడానికి మనిషి దొరికేవాడు. తగవు వస్తే పెద్దలు ఇక్కడే కూర్చుండి తీర్చేవారు. నలుగురూ నెలనెలా డబ్బు వేసి ఒకరి తరువాత ఒకరు తీసుకొనే పద్ధతి చీనావారిలోనూ ఉన్నది. అది మన చీటీయే. అటువంటి చీటీల పెట్టుబడితో తోలు కార్ఖానాలు పెట్టినవారున్నారు. చనిపోయినవానికి శ్మశానభూమి కూడా సంఘమే చూచింది. ఏప్రిల్ మొదటివారంలో అందరూ వెళ్ళి సమాధులను శుభ్రం చేసి, పండ్లు, పిండివంటలు పెట్టి వస్తారు. ఏడవ నెలలో దిక్కులేని ప్రేతాలకు కూడా అన్నం పెడతారు. మహాలయ అమావాస్యనాడు మనం చేసేదీ అదే.

కలకత్తాలోనే గాక, చీనావారు వెళ్ళిన ప్రతిచోటా గుడి ఈ పనులన్నీ చేసింది. మలాకాలో పదిహేడవ శతాబ్దంనాటి చెంగ్ హూన్ టెంగ్ గుడి ఒకప్పుడు చీనా కపిటానుకు కచ్చేరి కూడా. దేవుని ఎదుటనే వ్యాజ్యాలు తీర్చేవారు. దానిని జీర్ణోద్ధారం చేసిన తీరుకు యునెస్కో మెప్పు దొరికింది. కౌలాలంపూరులో 1864లో స్థాపించిన సిన్ జే సీ యా గుడి, మారిషస్ పోర్టులూయీలో 1842 నాటి క్వాన్ తీ గుడి, రంగూను రేవుకెదురుగా సముద్రపు అమ్మవారి గుడి, అన్నీ ఈ వంశంలోనివే. ఈ మూడు దేశాలకూ మన తెలుగువారు కూలీలై వెళ్ళినారు. రంగూను రేవులో కోరంగివారని పిలిపించుకొన్న మన కూలీలు, చీనా కూలీలు ఒకే గట్టుమీద మూటలు మోసినారు. వాళ్ళు రేవు దగ్గర అమ్మవారిని నిలుపుకొన్నారు, మనవారు తోటలలో రామమందిరాలు కట్టుకొన్నారు. ఇద్దరికీ అవసరం ఒక్కటే.

దెబ్బ

1962 అక్టోబరులో సరిహద్దు యుద్ధం వచ్చింది. దేశం పేరే దోషమైపోయింది. తరతరాలుగా ఇక్కడ పుట్టి పెరిగినవారిని కూడా అనుమానంతో చూచినారు. అస్సాము, బంగాళం ప్రాంతాలనుంచి ఇంచుమించు 3,000 మంది చీనా జాతివారిని, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, రైళ్ళలో ఎక్కించి రాజస్థానంలోని దేవళీ శిబిరానికి తరలించినారు. యుద్ధం నెలరోజులలో ముగిసింది, శిబిరం ముగియలేదు. కడపటివారు 1967 దాకా అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పటికి చాలామందికి ఇల్లూ లేదు, అంగడీ లేదు. యుద్ధంలో మన జవానుల ప్రాణాలు పోయిన దుఃఖం ఒకటి. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని బూట్లంగడివాని కుటుంబం పడిన కష్టం మరొకటి. ఒకదాని పేరు చెప్పి రెండవదానిని మరచిపోరాదు.

దానితో వలస మొదలైంది. కెనడాకు, ముఖ్యంగా టొరంటోకు, వెళ్ళినవారు ఎక్కువ. టాంగ్రా పేటలో హక్కావారి తోలు కార్ఖానాలు మిగిలినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కాలుష్యం కారణంగా కార్ఖానాలను ఊరి బయటికి మార్చమని తీర్పు ఇచ్చింది. కొందరు మారినారు, కొందరు హోటళ్ళు పెట్టుకొన్నారు, మరికొందరు విమానమెక్కినారు. ఇప్పుడు మిగిలినవారు కొద్ది వేలమందే. పిల్లలు లేక చీనా బడులు మూతబడినవి. 1969లో ఆరంభమైన "సియోంగ్ పావ్" అనే చీనా దినపత్రిక 2020లో ఆగిపోయింది.

గుళ్ళు మాత్రం నిలిచి ఉన్నవి. సాయంకాలం దీపం పెడుతున్నారు. కొన్నింటిని చూచుకొనేది బంగాళీలు, బీహారీలు. టాంగ్రాలో చీనావారు, బంగాళీలు కలిసి కొలిచే కాళీమందిరం ఒకటున్నది. చెట్టుక్రింద సిందూరం పూసిన రాళ్ళ దగ్గర జబ్బు పిల్లవానిని పడుకోబెడితే నయమైనదని, అప్పటినుంచి చీనావారు ఆ తల్లిని కొలుస్తున్నారని చెప్పుకొంటారు. ఆ కాళికి ప్రసాదం నూడిల్సు. ఒకరి దేవుణ్ణి ఒకరు కాదనుకోకుండా బ్రతికిన తీరుకు ఇది గుర్తు.

మనకు దీనితో ఏమి పని

గోడలకు బిగించిన రాతిపలకలమీద, చెక్కలమీద చందా ఇచ్చినవారి పేర్లు చీనా అక్షరాలలో ఉన్నవి. ఆ పెద్దల మునిమనుమలు చాలామంది ఇంట్లో హక్కా మాట్లాడుతారు, బయట బంగాళీ, హిందీ, ఇంగ్లీషు. చీనా అక్షరాలు చదవలేరు. తాత పేరు ఎదురుగానే ఉంటుంది, ఏది తాత పేరో తెలియదు. యుద్ధం చేయలేని పనిని బడి మూతపడడం చేసింది.

ఈ మాట వ్రాస్తుంటే మన ఇండ్లే కండ్లయెదుట నిలిచినవి. మనం ఎక్కడినుంచో వలస వచ్చినవాళ్ళము కాము. తరతరాలుగా ఇదే మన ఊరు. మనకు కన్నడం అన్నం పెట్టే భాష, తెలుగు అమ్మ భాష. కైవారం తాతయ్య రెండు భాషలలోనూ తత్త్వాలు పాడినాడు, ఎవరూ ఆయనను ఇది మాదా మీదా అని పంచుకోలేదు. కన్నడం మీద మనకు ఫిర్యాదు లేదు, ఉండరాదు. అయితే మన పిల్లలలో ఎంతమంది ఈ పేజీని చదవగలరు? ఇంట్లో అవ్వతో తెలుగు గలగలా మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరం చూస్తే, కన్నడానికి దగ్గర గనుక సగం పోల్చుకొని, సగం విడిచిపెడతాడు. ఆ సగం పోవడానికి ఇంకొక్క తరం చాలును.

గుడి ఉంటే చాలు, భాష అదే ఉంటుందని మన పెద్దల ధైర్యం. చీనావారి కథ చూస్తే ఆ ధైర్యం చాలదనిపిస్తుంది. గుడి దేవుణ్ణి కాపాడుతుంది, పండుగను కాపాడుతుంది, చనిపోయినవారికి చోటిస్తుంది. చదువు చెప్పేవాడు లేకపోతే గోడమీది పేర్లను అది చదివి వినిపించలేదు.

పెద్ద పనులేమీ అక్కరలేదు. మన ఊరి గంగమ్మ గుడి ఎవరు కట్టించినారు, ఏ కరువులో నిలిచిపోయిన జాతర మళ్ళీ ఎప్పుడు మొదలైంది, దీపారాధనకు వరుస ఏ ఇంటివారిది అని ఊళ్ళో ఎనభై దాటిన అవ్వలను, తాతలను అడిగి ఒక నోటుపుస్తకంలో తెలుగులో ఒక ప్రక్క, కన్నడంలో ఒక ప్రక్క వ్రాసిపెట్టవచ్చును. గుడిలో కొత్తగా రాతిపలక వేయించేటప్పుడు పేర్లను రెండు లిపులలో చెక్కించవచ్చును. రెండు లిపులూ అక్కచెల్లెండ్రే గనుక, కన్నడం వచ్చిన పిల్లవానికి తెలుగు అక్షరాలు నేర్పడానికి ఒక వేసవి సెలవు చాలును. చీనా అక్షరాలు వేలు. వాళ్ళ కష్టం వేరు. మనవి యాభై ఆరు. దానికి కూడా తీరిక లేదంటే ఆ తప్పు ఎవరి మీదికీ నెట్టలేము.

కలకత్తా వెళ్ళే అవకాశం దొరికినవారు టిరెట్టా బజారు వైపు ఒకసారి వెళ్ళి రండి. చెప్పులు విడిచి, పై అంతస్తుకు వెళ్ళి, ఒక వత్తి వెలిగించి దండం పెట్టుకోండి. అక్కడ ఎవరూ మీ కులం, మీ దేశం అడగరు. దిగివచ్చేటప్పుడు ఆ గోడమీది పేర్లను ఒక్క నిమిషం నిలబడి చూడండి.